సూయాక్ తీరమున రాబర్ట్ ఎడ్వర్డ్ హార్ట్

మారిషస్ దక్షిణ తీరమందలి సూయాక్ మనవారికి సుపరిచితమైన ఊరు. 18వ శతాబ్దపు ఫ్రెంచి గవర్నరొకని పేరు దానికి నిలిచినది. రైలుమార్గము రాకపూర్వము సవాన్ తోటల చక్కెర ఈ చిన్నరేవు నుండియే పడవలలో పోర్టు లూయీకి పోవుచుండెను.

ఈ ఊరిని తుది నివాసముగ ఎన్నుకొనిన కవి రాబర్ట్ ఎడ్వర్డ్ హార్ట్. ఆయన 1891 ఆగస్టు 17న పోర్టు లూయీలో జన్మించెను. పెక్కేండ్లు మారిషస్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయాధికారిగ పనిచేసెను. ఆయన రచనాభాష ఫ్రెంచి. పియేర్ ఫ్లాండ్ర్ అను పాత్ర చుట్టు అల్లిన గ్రంథములలో మొదటిది 1928లో వెలువడెను. హిందూమహాసముద్రమున లెమూరియా యను ఖండము మునిగిపోయెనను గాథయు ఆయనను మిక్కిలి ఆకర్షించెను. దానిని చరిత్రగ నమ్మనక్కరలేదు, కవిభావనగ చదివిన చాలును.

1941లో మిత్రులు ఆయనకు సముద్రపుటొడ్డున పగడపురాళ్లతో కట్టిన చిన్న యింటిని కానుకగ ఇచ్చిరి. దాని పేరు లా నెఫ్, అనగా ఓడ. మన పూర్వికులకు ఓడయనగా కోరంగి మొదలైన రేవులను విడిచి, అయినవారిని విడిచి వచ్చిన ప్రయాణము. ఆయనకో, కదలక నిలిచి కెరటములను చూచుచుండెడి ఇల్లు.

ఆ యేడే ఆయన ‘పోయెమ్ వేదిక్’, అనగా వైదిక కవితలు, ప్రకటించెను. అది ఎట్టి కాలమో తలంపవలయును. 1937లోను, మరల 1943లోను, ఈ దీవిలో తోటకూలీలపై తుపాకులు పేలినవి. కూలీలు తెచ్చిన ఆచారములను చిన్నచూపు చూచువారు పెద్ద ఇండ్లలో ఎందరో యుండిరి. అట్టి దినములలో ఫ్రెంచి కవి యొకడు వేదభావములను తన కవితకు ఆధారముగ గైకొనుట సామాన్యము కాదు. అయినను నిజము చెప్పవలయును: ఆ కవితలందు వినబడునది ఋషుల వాణియే గాని చెరకుకత్తి చప్పుడు కాదు.

హార్ట్ 1954 నవంబరు 6న కన్నుమూసెను. సూయాక్‌లోని సముద్రతీర శ్మశానమున ఆయన సమాధి కలదు. 1967లో ఆ యిల్లు ప్రదర్శనశాల యయ్యెను; శిథిలము కాగా తరువాత పూర్వరూపముననే తిరిగి కట్టిరి. ఆయన కండ్లద్దములు, వాయులీనము, వ్రాతప్రతులు అందు భద్రపరుపబడినవి.

వనభోజనములకు గ్రిగ్రి తీరమునకు పోవు మన కుటుంబములు ఆ గుమ్మము ముందునుండియే సాగిపోవుచుందురు. ఫ్రెంచి బాగుగ చదివిన మన యువకులలో ఎవరైన ఆ వైదిక కవితలను తెలుగున వినిపించినచో ఎంతయో బాగుండును. గ్రిగ్రికి సమీపముననే, కెరటము విరిగినప్పుడెల్ల కన్నీరు కార్చునట్లుండు ‘ఏడ్చు రాయి’ కలదు. ఒక ప్రక్కనుండి చూచినచో ఆ శిలలో హార్ట్ ముఖరేఖ కానవచ్చునని ఆ ఊరివారు చూపుదురు.