కాలేబు: 45 ఏళ్లు ఆగి, అనాకీయుల కొండనే అడిగినవాడు

ఈ వారం వీడియోలో నెఫీలులు, అనాకీయులు, రెఫాయీయులు అని బైబిలు చెప్పే ఎత్తైన జనాల గురించి చూశాం. టైం చాలక కాలేబు జీవితాన్ని రెండు ముక్కల్లో ముగించేశాం. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సంఖ్యాకాండం 13, 14 అధ్యాయాలు, యెహోషువ గ్రంథం 14, 15 అధ్యాయాలు తెరిచి పక్కన పెట్టుకుని చదవండి.

ఎవరీ కాలేబు?

తండ్రి పేరు యెఫున్నె. ఐగుప్తులో, బానిస బ్రతుకుల మధ్య పుట్టాడు. యూదా గోత్రం తరపున నిలబడ్డాడు గానీ, బైబిలు ఆయన్ని కెనెజీయుడు అని కూడా పిలుస్తుంది. అందుకని ఆయన కుటుంబం బయటి జనంలో నుంచి వచ్చి యూదాలో కలిసిందని చాలామంది పండితులు అంటారు. హెబ్రీ భాషలో ఆయన పేరు కుక్క అనే మాటకు చాలా దగ్గరగా ఉంటుంది. చెప్పుకోవడానికి గొప్ప వంశం లేదు, గొప్ప పేరూ లేదు.

40వ ఏట చూసిన కొండ

మోషే 12 మందిని కనాను దేశం చూసి రమ్మని పంపాడు. వాళ్లలో కాలేబు ఒకడు. 40 రోజులు తిరిగారు. ఎష్కోలు లోయలో కోసిన ఒక్క ద్రాక్షగెలను ఇద్దరు కర్రకి కట్టి మోసుకొచ్చారు. హెబ్రోనులో అనాకు వంశస్థులు ముగ్గురిని చూశారు: అహీమాను, షేషయి, తల్మయి.

తిరిగొచ్చాక పదిమంది చెప్పిన రిపోర్టులో ఊళ్లకి పెద్ద గోడలున్నాయన్నది నిజం. మనుషులు ఎత్తైనవాళ్లన్నదీ నిజం. కాలేబు కూడా ఆ మాటలు కాదనలేదు. కానీ వాళ్లు తమని ఆ మనుషుల పక్కన పెట్టి కొలుచుకుని, మిడతల్లా ఉన్నామనుకున్నారు. కాలేబు ఆ మనుషులను దేవుని పక్కన పెట్టి కొలిచాడు. వెళ్దాం, గెలుస్తాం అన్నాడు. యెహోషువ కూడా ఆయనతో నిలబడ్డాడు. జనం ఇద్దరినీ రాళ్లతో కొట్టబోయారు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ద్వితీయోపదేశకాండం 2వ అధ్యాయం చూడండి. మోయాబు దేశంలో ఏమీయులు, అమ్మోను దేశంలో జంజుమీయులు అనే ఎత్తైన జనాలు ఒకప్పుడు ఉండేవాళ్లు. లోతు సంతానం వాళ్లని వెళ్లగొట్టి ఆ దేశాల్లో కాపురముంది. అంటే ఇశ్రాయేలీయులు అసాధ్యం అని ఏడ్చిన పని, వాళ్ల చుట్టాలు అప్పటికే చేసేశారు.

తనది కాని శిక్ష

జనం నమ్మలేదు కాబట్టి రోజుకి ఒక ఏడాది చొప్పున 40 ఏళ్లు అరణ్యం. మొదటి లెక్కలో 20 ఏళ్లు దాటిన యోధులు 6,03,550 మంది. రెండో లెక్క తీసేసరికి వాళ్లలో మిగిలింది కాలేబు, యెహోషువ మాత్రమే.

ఒక్కసారి ఆలోచించండి. కాలేబు ఏ తప్పూ చేయలేదు. అయినా తప్పు చేసినవాళ్లతో పాటు అదే ఇసకలో నడిచాడు, అదే మన్నా తిన్నాడు. తన మీదికి రాళ్లెత్తిన తరం ఒక్కొక్కరుగా రాలిపోతుంటే చూశాడు. అన్నేళ్లలో ఆయన సణిగాడని గానీ, నేను ముందే చెప్పానుగా అని ఎవరినైనా దెప్పాడని గానీ బైబిల్లో ఎక్కడా కనబడదు.

ఆ ప్రయాణం చివర్లోనే బాషాను రాజైన ఓగు ఓడిపోయాడు. రెఫాయీయుల్లో మిగిలిన చివరివాడు ఆయనే. ఆయన ఇనుప మంచం పొడుగు 9 మూరలు, వెడల్పు 4 మూరలు. మన లెక్కలో దాదాపు పదమూడున్నర అడుగులు, ఆరు అడుగులు.

85వ ఏట అడిగిన వాటా

యొర్దాను దాటి, యుద్ధాలు జరిగి, గిల్గాలులో భూములు పంచే రోజు వచ్చింది. కాలేబుకి 85 ఏళ్లు. ఆ వయసులో ఎవరైనా నీళ్లున్న పల్లపు భూమి అడుగుతారు. ఆయన హెబ్రోను కొండ అడిగాడు, అదీ అనాకీయులు ఇంకా అక్కడే ఉన్నారని చెప్పి మరీ. హెబ్రోను సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది. సాలూరు నుంచి సుంకి వైపు ఘాట్‌లో లోడు లారీ ఫస్ట్ గేరులో మూలుగుతూ ఎక్కడం మనం చూస్తూనే ఉంటాం కదా. అలాంటి ఎత్తు మీదున్న ఊరిని, శత్రువులతో సహా, ఒక ముసలాయన నాకివ్వండి అన్నాడు. 40వ ఏట ఉన్న బలమే ఇప్పుడూ ఉందన్నాడు. వెళ్లాడు. ఆ ముగ్గురు అనాకీయులను వెళ్లగొట్టాడు.

తర్వాత దెబీరును పట్టుకున్నవాడికి తన కూతురు అక్సానిస్తానన్నాడు. ఆయన తమ్ముని కొడుకు ఒత్నీయేలు ఆ ఊరిని గెలిచాడు. తరువాత ఇశ్రాయేలుకి మొదటి న్యాయాధిపతి అయ్యింది ఈ ఒత్నీయేలే. అక్సా తండ్రిని నీటి మడుగులు అడిగితే, మెరక మడుగులు, పల్లపు మడుగులు రెండూ ఇచ్చాడు.

గెలిచింది ఎవరి చేతికి వెళ్లింది?

నన్ను బాగా కదిలించింది యెహోషువ గ్రంథం 21వ అధ్యాయం. హెబ్రోను పట్టణం అహరోను వంశపు యాజకులకు వెళ్లింది. పొరపాటున ప్రాణం తీసినవాడు పారిపోయి తలదాచుకునే ఆశ్రయపురం కూడా అయ్యింది. కాలేబుకి మిగిలింది చుట్టూ ఉన్న పొలాలు, పల్లెలు. 45 ఏళ్లు ఎదురుచూసి గెలిచిన ఊరు, భయంతో పరుగెత్తుకొచ్చే మనిషికి గూడైంది. ఒకప్పుడు జనాన్ని భయపెట్టిన చోటు అదే!

అనాకీయుల్లో కొందరు గాజా, గాతు, అష్డోదుల్లో మిగిలారు. ఆ గాతు నుంచే తర్వాత గొల్యాతు వచ్చాడు. హెబ్రీ ప్రతుల్లో అతని ఎత్తు ఆరు మూరల జేన. మృతసముద్రం దగ్గర దొరికిన ప్రతిలోనూ, పాత గ్రీకు అనువాదంలోనూ నాలుగు మూరల జేన. తొమ్మిది అడుగులకు పైనా, ఏడు అడుగుల లోపా అని ఈరోజుకీ వాదిస్తారు. ఎంత ఎత్తయినా కథ ముగింపు ఒక్కటే.

ప్రియులారా, ఇంట్లో ఎవరో చేసిన అప్పుకి, ఎవరో తీసుకున్న తప్పు నిర్ణయానికి మీ ఏళ్లు పోతున్నాయా? కాలేబుని తలుచుకోండి. అరణ్యం ఆయన కాళ్లని అరగదీసి ఉంటుంది, మనసుని మాత్రం చేదు చేయలేకపోయింది. దేవుడు చూపించిన కొండని ఆయన మర్చిపోలేదు, దేవుడూ ఆయన్ని మర్చిపోలేదు.

ప్రార్థన: తండ్రీ, ఇతరుల తప్పు వల్ల ఆలస్యమైన మా దినాల్లో మాకు కాలేబు మనసు దయచేయుము. మేము గెలిచినది మరొకరికి ఆశ్రయం అగునట్లు చేయుము. యేసు నామములో అడుగుచున్నాము, ఆమేన్.