శాంతిప్రియుఁడు హెన్రీ రిచర్డు

భక్తి ప్రార్థనామందిరముతో ముగియక లోకవ్యవహారమునందును వెలుఁగవలయునని విశ్వసించువారికి హెన్రీ రిచర్డుగారి చరిత్రము మిగుల నుపయుక్తమని మేము తలంచుచున్నాము.

వీరు 1812వ సంవత్సరమున వేల్సుదేశమందలి ట్రెగారను నూర నొక మతబోధకునకుఁ బుత్రులై జన్మించిరి. లండనులో విద్య ముగించి, 1835 మొదలు 1850 వఱకు నచ్చటనే యొక ప్రార్థనామందిరమున బోధకులుగా నుండిరి. 1848లో శాంతిసమాజమునకుఁ గార్యదర్శియై, రాజ్యముల తగవులు ఖడ్గముచేతఁ గాక మధ్యవర్తులచేతఁ దీఱవలెనని యూరపుఖండమునఁ బ్రచారము సలిపిరి.

1868లో మెర్థర్ టిడ్విల్ ప్రజలు వీరిని పార్లమెంటునకుఁ బంపిరి. ఆ కాలమున వోటు బహిరంగముగా నీయవలసియుండెను. కావున భూస్వాముల యిష్టమునకు విరుద్ధముగా వోటిచ్చిన వేల్సు కౌలుదారులు పలువురు తాము దున్నుచున్న భూములనుండి వెడలఁగొట్టఁబడిరి. మఱుసటియేఁడు రిచర్డుగారు వారి దుఃఖమును సభయెదుటఁ బెట్టిరి. రహస్యముగా వోటిచ్చు పద్ధతి 1872లోఁ జట్టమయ్యెను.

1873లో నంతర్జాతీయ మధ్యవర్తిత్వమును గోరి వీరు తెచ్చిన తీర్మానము, ప్రధానమంత్రి గ్లాడ్‌స్టనుగారు సమ్మతింపకున్నను, 98 వోట్లు అనుకూలముగను 88 ప్రతికూలముగను వచ్చి నెగ్గెను. 1888లో దేహము చాలించువఱకు వీరు సభాసభ్యులుగనే యుండిరి.

వీరి తీర్మానముతో యుద్ధములు నిలువలేదు. అయినను, అంతరాత్మ చెప్పినట్లు వోటిచ్చిన పేదకు నిలువ నీడ లేనిచోట ధర్మము నిలువదని వీరెఱిఁగిరి. ఈ యెఱుక మనకును వలయును.