టిస్క్వాంటమ్

టిస్క్వాంటమ్ (మరణం: 1622 నవంబరు) ఉత్తర అమెరికా ఈశాన్య తీరంలో నివసించిన వాంపనోగ్ జాతికి చెందినవాడు. స్క్వాంటో అనే పేరుతో ఎక్కువగా ప్రసిద్ధుడు. 1620లో మేఫ్లవర్ ఓడపై వచ్చి ప్లిమత్ (ప్రస్తుత మసాచుసెట్స్ రాష్ట్రం) వద్ద స్థిరపడిన ఆంగ్లేయులకు ఇతడు దుబాసీగా, మార్గదర్శిగా, అన్నిటికన్నా ముఖ్యంగా ఆహార సంపాదనలో గురువుగా వ్యవహరించాడు. ఏ చేప ఏ కాలంలో ఎక్కడ దొరుకుతుందో, దానిని ఎలా పట్టాలో, మొక్కజొన్న ఎలా నాటాలో ఇతడి వద్ద నేర్చుకున్నవారు పిల్లలు కారు, సంసారాలు గల పెద్దలు. ఆ విద్య వారికి వినోదం కాదు. అది రాకపోతే రెండవ చలికాలం దాటే ఆశ వారికి లేదు.

ఇతడు స్వయంగా వ్రాసినదేదీ లేదు. ఇతడి గురించి తెలిసినదంతా దాదాపుగా ఆంగ్లేయుల రచనల నుండి, ముఖ్యంగా విలియం బ్రాడ్‌ఫోర్డ్, ఎడ్వర్డ్ విన్‌స్లోల గ్రంథాల నుండి లభిస్తున్నది. కనుక ఇతడి మనసులోని మాట ఏమిటో శిష్యుల వ్రాతలను బట్టి ఊహించవలసినదే.

స్వస్థలం, అపహరణ

టిస్క్వాంటమ్ స్వగ్రామం పటక్సెట్. తరువాత ప్లిమత్ వెలసినది సరిగ్గా ఈ ఊరి స్థలంలోనే. ఇక్కడివారు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి జాతులు పండించేవారు. ఋతువును బట్టి సముద్రతీరంలో చేపలు, ఆల్చిప్పలు, అడవిలో జింకలు, పక్షులు వీరి ఆహారం. ఇతడు జన్మించిన సంవత్సరం తెలియదు. టిస్క్వాంటమ్ అన్నది పుట్టినప్పటి పేరు కాకపోవచ్చునని, దానికి దైవశక్తి యొక్క ఆగ్రహమనే అర్థం ఉన్నదని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

1614లో జాన్ స్మిత్ నాయకత్వంలో ఈ తీరానికి వచ్చిన ఆంగ్లేయ ఓడలలో ఒకదానికి థామస్ హంట్ అధికారి. స్మిత్ వెళ్ళిపోయిన తరువాత హంట్ వర్తకం నెపంతో స్థానికులను ఓడ మీదికి రప్పించి, ఇరవై మందికి పైగా బంధించి, స్పెయిన్ దేశంలోని మలగా రేవుకు తీసుకుపోయి బానిసలుగా అమ్మజూచాడు. బందీలలో టిస్క్వాంటమ్ ఒకడు. అక్కడి క్రైస్తవ సన్యాసులు కొందరు బందీలను తమ అధీనంలోకి తీసుకున్నారు. ఇతడు అక్కడి నుండి ఏదో విధంగా లండన్ చేరి, న్యూఫౌండ్‌ల్యాండ్ కంపెనీ కోశాధికారి జాన్ స్లానీ ఇంట ఉన్నాడు. ఇంగ్లీషు నేర్చినది అక్కడే. తరువాత న్యూఫౌండ్‌ల్యాండ్ ద్వీపానికి వెళ్ళగా, అక్కడ థామస్ డెర్మర్ అనే నావికుడితో పరిచయమైంది. 1619లో డెర్మర్ ఓడలోనే ఇతడు తన తీరానికి తిరిగి వచ్చాడు.

ఊరు లేదు. 1616 - 1619 మధ్య ఆ తీరమంతటా వ్యాపించిన మహమ్మారి పటక్సెట్‌ను పూర్తిగా తుడిచిపెట్టింది. ఆ వ్యాధి ఏమిటన్న విషయంలో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. అయిదేళ్ళపాటు మహాసముద్రానికి ఇరువైపులా తిరిగి ఇల్లు చేరినవాడికి పలుకరించే మనిషి కనబడలేదు. ఒక విధంగా చూస్తే, అపహరణ వలననే ఇతడు ఆ వ్యాధి నుండి బ్రతికి బయటపడ్డాడు.

ప్లిమత్ వలసవారి దుస్థితి

మేఫ్లవర్ ఓడ 102 మంది ప్రయాణికులతో 1620 నవంబరులో కేప్ కాడ్ చేరింది. వీరిలో కొందరు మతకారణాల వలన ఇంగ్లాండు విడిచి హాలండులోని లైడెన్ నగరంలో పదేళ్ళకు పైగా తలదాచుకున్నవారు. అక్కడ బ్రాడ్‌ఫోర్డ్ నేతపని, విన్‌స్లో ముద్రణపని చేసుకుని బ్రతికారు. ఇంగ్లాండులో జింకల వేట భూస్వాముల హక్కు, సామాన్యుడు వేటాడితే నేరం. కొందరికి తుపాకితో పక్షులను కొట్టడం వచ్చును గాని, తెలియని అడవిలో తిండి సంపాదించటం వేరే విద్య. సముద్రం నిండా చేపలున్నా, పట్టడానికి తగిన చిన్న గాలాలు వెంట తెచ్చుకోలేదు.

వీరి అనుభవలేమికి ఒక సంఘటన చక్కని ఉదాహరణ. కేప్ కాడ్ అడవిలో తిరుగుతుండగా వంచి కట్టిన ఒక చిన్న చెట్టు, దాని క్రింద చల్లిన గింజలు కనబడ్డాయి. అది జింకల కొరకు పెట్టిన ఉచ్చు అని, అంతకుముందు వర్జీనియాలో గడిపిన స్టీఫెన్ హాప్కిన్స్ వివరించాడు. ఆ మాట వినని బ్రాడ్‌ఫోర్డ్ వెనుకగా వచ్చి అందులో కాలు పెట్టగా, చెట్టు పైకి లేచి ఆయన కాలు చిక్కుకున్నది. తరువాత అనేక సంవత్సరాలు ప్లిమత్‌కు గవర్నరుగా ఉన్న వ్యక్తి కొత్త దేశపు వేట గురించి నేర్చిన మొదటి పాఠం ఇది. ఆ ఉచ్చు తాడు పనితనాన్ని ఆంగ్లేయులు మెచ్చుకుని, తాడును వెంట తీసుకుపోయారు.

ఆ తిరుగుడులోనే స్థానికులు పాతరలలో దాచుకున్న మొక్కజొన్న గింజలు దొరికితే, అడగకుండానే తెచ్చుకున్నారు. మరుసటి సంవత్సరం నాటిన విత్తనం అదే. (దాని వెల తరువాత చెల్లించారు.) చలికాలం ముగిసేసరికి వచ్చినవారిలో ఇంచుమించు సగం మంది మరణించారు.

గురువుగా టిస్క్వాంటమ్

1621 మార్చి 16న (నాటి పాత క్యాలెండరు ప్రకారం) సమోసెట్ అనే స్థానికుడు వచ్చి ఇంగ్లీషులో పలుకరించగా వలసవారు ఆశ్చర్యపోయారు. అతడికి తెలిసిన ఇంగ్లీషు చేపల వేటకు వచ్చే ఓడల వారి వద్ద నేర్చినది. మార్చి 22న అతడు టిస్క్వాంటమ్‌ను వెంటబెట్టుకు వచ్చాడు. అదే దినం వాంపనోగ్ నాయకుడు మాససోయిట్‌తో జరిగిన ఒడంబడికకు ఇతడు దుబాసీ అయ్యాడు.

మరునాడు మధ్యాహ్నం టిస్క్వాంటమ్ మలుగు చేపల కొరకు వెళ్ళి, చీకటి పడేసరికి ఒక చేతితో ఎత్తగలిగినన్ని తెచ్చాడు. గాలం లేదు, వల లేదు. బురదలో పాదాలతో త్రొక్కి, లోపల దాగిన చేపలు కదిలి పైకి రాగానే చేతులతో పట్టుకున్నాడు. కోనసీమ కాలువల బురదలో చేతులతో చేపలు పట్టేవారిని చూసినవారికి ఇది వింతగా తోచదు. లైడెన్ నేతగాళ్ళకు మాత్రం ఇది గొప్ప పాఠం. తమ వద్ద సరైన పనిముట్లు లేవని విచారిస్తున్నవారికి, పనిముట్టే అవసరం లేని పద్ధతిని చూపించాడు. ఆకలితో ఉన్న పెద్దవారికి నేర్పేటప్పుడు ముందుగా కడుపు నింపే పనితో మొదలుపెట్టడం మంచి ఉపాధ్యాయుడి లక్షణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తరువాతి పాఠం వ్యవసాయం. ఆ నేల పాతబడి సారం తగ్గినదని, చేపను ఎరువుగా వేయకపోతే మొక్కజొన్న పండదని ఇతడు చెప్పాడు. అన్ని చేపలు ఎక్కడివన్న ప్రశ్నకు కూడా ఇతడి వద్ద సమాధానమున్నది. పులస సముద్రం నుండి గోదావరిలోకి ఎదురెక్కినట్లే, అక్కడ హెర్రింగ్ జాతి చేపలు గ్రుడ్లు పెట్టడానికి వసంతంలో వాగులలోకి ఎదురెక్కుతాయి. ఏప్రిల్ మధ్యలో ఊరి వాగులోకి చేపలు గుంపులుగా వస్తాయని ముందుగా చెప్పి, వాటిని పట్టే విధానం, గింజ నాటే విధానం, మొక్కను సాకే విధానం నేర్పాడు. ఇతర ఆహారం దొరికే చోట్లు కూడా చూపించాడు. ఆ ఏడు దాదాపు 20 ఎకరాలలో మొక్కజొన్న వేయగా బాగా పండింది. ఆంగ్లేయులు తమ దేశం నుండి తెచ్చిన బఠాణీ మొదలైన విత్తనాలు వారు ఆశించినట్లు పండలేదు.

చేప ఎరువు పద్ధతి నిజంగా స్థానికులదేనా, లేక టిస్క్వాంటమ్ ఐరోపావారి వద్ద చూసి నేర్చినదా అని 1975లో లిన్ సెసి అనే పరిశోధకురాలు ప్రశ్నించారు. ఆ వాదాన్ని ఖండించినవారూ ఉన్నారు. ఏ విధంగా చూసినా, చేపలు వచ్చే రోజులు, వాగు, నేల స్వభావం అతడి సొంత ఊరివే. చనిపోయిన తన వారి పొలాలలోనే ఇతడు పరాయివారికి సాగు నేర్పాడు.

బాలల పుస్తకాలలో టిస్క్వాంటమ్ ఆంగ్లేయులకు జింకల వేట నేర్పుతున్నట్లు చిత్రిస్తారు. ప్రత్యక్షసాక్షుల రచనలలో కనబడేది చేపలు, మొక్కజొన్న, ఆహారం దొరికే చోట్లు, దారి చూపటం మాత్రమే. జింకల వేటలో వాంపనోగులకు, వలసవారికి అప్పటికి గల అంతరం 1621 శరదృతువులో జరిగిన విందులో స్పష్టమవుతుంది. పంట చేతికి వచ్చాక గవర్నరు నలుగురు మనుషులను పక్షుల వేటకు పంపగా, వారు ఒక్క రోజులో దాదాపు వారానికి సరిపడినన్ని కొట్టుకు వచ్చారు. మాససోయిట్ సుమారు 90 మంది మనుషులతో వచ్చి మూడు రోజులున్నాడు. అతడి మనుషులు వెళ్ళి అయిదు జింకలను వేటాడి తెచ్చి ఆంగ్లేయులకిచ్చారు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగకు మూలంగా చెప్పుకునే విందు ఇదే. విన్‌స్లో వ్రాసిన ఆ విందు వర్ణనలో టిస్క్వాంటమ్ పేరు లేకపోవటం గమనార్హం.

మధ్యవర్తిత్వం, వివాదం

1621 జూలైలో విన్‌స్లో, హాప్కిన్స్ మాససోయిట్ నివాసానికి వెళ్ళినప్పుడు టిస్క్వాంటమ్ దారి చూపించాడు. కేప్ కాడ్ ప్రాంతంలో తప్పిపోయిన ఒక బాలుని వెదకి తీసుకురావడంలోనూ తోడుగా ఉన్నాడు. దుబాసీ చెప్పినదే ఇరుపక్షాలకూ ప్రమాణం కావటం వలన ఇతడి పలుకుబడి పెరిగింది. పలుకుబడితో పాటు ఆశ కూడా పెరిగినట్లున్నది. ఆంగ్లేయులు మహమ్మారిని తమ గిడ్డంగి నేలలో పాతిపెట్టి ఉంచారని, కోరినప్పుడు వదలగలరని, తాను చెబితే యుద్ధమైనా శాంతియైనా జరుగుతుందని స్థానికులను భయపెట్టి కానుకలు తీసుకునేవాడని ఆంగ్లేయులు వ్రాశారు. ఊరంతా వ్యాధికి పోగొట్టుకున్న మనిషి అదే వ్యాధి పేరుతో బెదిరించాడన్నది నిజమైతే అది మిక్కిలి విషాదకరం. ఇతడితో పాటు ప్లిమత్‌లో నివసించిన హోబమోక్ మాససోయిట్ పక్షం వాడు, ఇతడికి పోటీ. ఆరోపణలను చదివేటప్పుడు ఆ సంగతి కూడా మరువరాదు.

1622 వసంతంలో మాససోయిట్ దాడికి వస్తున్నాడని పుట్టిన వదంతి అబద్ధమని తేలింది. కోపించిన మాససోయిట్ ఒడంబడిక ప్రకారం టిస్క్వాంటమ్‌ను అప్పగించమని కోరి, తల, చేతులు నరికి తెమ్మని తన కత్తిని కూడా పంపాడు. ఇతడు లేకపోతే స్థానికులతో మాట్లాడే నాలుకే తమకు ఉండదని గవర్నరు బ్రాడ్‌ఫోర్డ్‌కు తెలుసు. తప్పనిసరై అప్పగించబోతున్న సమయంలో సముద్రంపై ఒక పడవ కనబడింది. అది శత్రువుల పడవ కాదని తేలేవరకు అప్పగించేది లేదని గవర్నరు చెప్పగా, మాససోయిట్ దూతలు ఆగ్రహించి వెళ్ళిపోయారు. అటుపై టిస్క్వాంటమ్ ఆంగ్లేయుల నీడ వదలలేదు.

మరణం

1622లో మళ్ళీ ఆహార కొరత ఏర్పడింది. నవంబరులో బ్రాడ్‌ఫోర్డ్ ధాన్యం కొనడానికి కేప్ కాడ్ దక్షిణ తీరానికి ఓడలో బయలుదేరగా టిస్క్వాంటమ్ దారి చూపేవాడుగా వెళ్ళాడు. మానమోయిక్ (ప్రస్తుత చాతం ప్రాంతం) వద్ద వెరచిన స్థానికులను ఒప్పించి ఎనిమిది పీపాల మొక్కజొన్న, చిక్కుడు గింజలు ఇప్పించాడు. అక్కడే జ్వరం సోకి, ముక్కు నుండి రక్తం కారి, కొద్ది రోజులలో మరణించాడు. ఆంగ్లేయుల దేవుని సన్నిధికి చేరేలా ప్రార్థించమని గవర్నరును కోరి, తన వస్తువులను ఆంగ్లేయ మిత్రులకు పంచి ఇచ్చాడని బ్రాడ్‌ఫోర్డ్ వ్రాశాడు. ఇతడి సమాధి స్థలం తెలియదు. దారి చూపేవాడు లేక ఓడ అంతకు మించి దక్షిణానికి పోకుండా వెనుదిరిగింది.

తరువాతి కాలం

1623 వేసవిలో ప్లిమత్‌లో ధాన్యం నిండుకున్నది. అప్పటికి వలసవారు తమంత తాము బ్రతకడం నేర్చారు. ఉన్న ఒక్క పడవలో ఆరేడుగురు చొప్పున వంతులవారీగా చేపలకు వెళ్ళేవారు. పడవ ఆలస్యమైతే తక్కినవారు పోటు తగ్గినప్పుడు ఇసుక త్రవ్వి ఆల్చిప్పలు ఏరేవారు. ఒకరిద్దరిని జింకల కొరకు అడవికి పంపి, దొరికిన మాంసాన్ని అందరూ పంచుకునేవారు.

1863లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ ప్రకటనతో థాంక్స్‌గివింగ్ జాతీయ పండుగగా స్థిరపడింది. దానితో పాటు స్క్వాంటో కథ పాఠశాలలకు చేరింది. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కూడా చిన్న తరగతులలోనే ఈ పేరు వింటారు, అపహరణ, మహమ్మారి భాగాలు మాత్రం తరచుగా ఆ పాఠాలలో ఉండవు. 1970 నుండి అమెరికా ఆదివాసులు కొందరు ప్రతి ఏటా అదే పండుగనాడు ప్లిమత్‌లోని కోల్స్ హిల్ మీద సమావేశమై సంతాప దినం పాటిస్తున్నారు. అక్కడ మాససోయిట్ విగ్రహం కలదు.