దిద్దుబాటు ఎరిగిన గురజాడ

గురజాడ వేంకట అప్పారావు 1862 సెప్టెంబరు 21న నేటి అనకాపల్లి జిల్లా సర్వసిద్ధి రాయవరంలో మేనమామ ఇంట జన్మించారు. విజయనగరం మహారాజా కళాశాలలో విద్యనభ్యసించి, అక్కడే అధ్యాపకులై, ఆనందగజపతి మహారాజు ఆదరణకు పాత్రులయ్యారు.

1892లో ప్రదర్శితమైన వారి 'కన్యాశుల్కం' నాటకం 1897లో అచ్చయి, ఆ మహారాజుకే అంకితమైంది. ప్రేక్షకుల మెప్పు లభించినా గురజాడ అంతటితో తృప్తి చెందలేదు. ఐదంకాల ఆ నాటకాన్ని ఏడంకాలకు పెంచి, దాదాపుగా తిరగరాసి, 1909లో మళ్లీ వెలువరించారు. మధురవాణి పాత్రకు నిండుదనం చేకూరింది ఈ రెండవ కూర్పులోనే. పేరు తెచ్చిన రచననే మార్చడానికి సాహసం కావాలి. తన లోపాన్ని తానే చూడగల చూపు కావాలి.

మరుసటి ఏడాది, 1910లో, 'ఆంధ్రభారతి' పత్రికలో వారి 'దిద్దుబాటు' కథ వెలువడింది. సానుల పాటల మోజులో ఇల్లు మరచిన గోపాలరావును భార్య కమలిని కలహంతో గాక యుక్తితో దారికి తెస్తుంది. ఒకే రాత్రి, ఒకే ఇల్లు, మూడే పాత్రలు. వర్ణనల బరువు లేకుండా, జనం మాట్లాడుకొనే భాషలోనే కథ సాగుతుంది. క్లుప్తత కథకు బలమని ఆ రచన నిరూపించింది.

1915 నవంబరు 30న గురజాడ విజయనగరంలో కీర్తిశేషులయ్యారు. నడతనైనా, రాతనైనా దిద్దుకోవడం చిన్నతనం కాదనీ, అదే పరిణతికి తొలి మెట్టు అనీ వారి జీవితం విద్యార్థులకు బోధిస్తున్నది.