యల్లాప్రగడ సుబ్బారావుగారు: నాడీకణమునకు బలమిచ్చు పదార్థము

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసున కృతార్థులైరి. సోదరులిరువురు సంగ్రహణి వ్యాధికి బలియగుట ఆయనను వైద్యపరిశోధనకు పురికొల్పెను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. అందువలన యం.బి.బి.యస్. పట్టమునకు మారుగా, అంతకు తక్కువదియగు యల్.యం.యస్. మాత్రమే లభించెను.

పిమ్మట అమెరికాలోని బోస్టను నగరమునకేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేగారితో కలిసి పరిశోధనలు సాగించిరి. కండరములనుండి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొని ప్రకటించిరి. రెండవదానిని ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమన్‌గారును వేరుగా కనుగొనిరి. కండరమున దొరికిన ఈ పదార్థమే నరములకును ఆధారమని పిమ్మట తేలెను.

అదెట్లనగా, నాడీకణమునకు ఒక కణదేహము, చెట్టుకొమ్మలవలె వ్యాపించి వార్తలను గ్రహించు పొట్టి తంతువులు, వార్తను దూరమునకు గొనిపోవు పొడవైన తంతువొకటి యుండును. కణము వెలుపల సోడియము, లోపల పొటాషియము అధికముగ నుండును. వార్త వచ్చినంతనే పొరలోని ద్వారములు తెరచుకొని సోడియము లోనికి చొచ్చును. వెంటనే పొటాషియము వెలికి పోవును. ఈ విద్యుత్తరంగము తంతువు కొనకు చేరగా, అచట రసాయనద్రవ్యము విడుదలయై, సన్నని సందును దాటి మరుసటి కణమును మేల్కొల్పును.

తూము తెరచిన నీరు పల్లమునకు దానంతటదే పారును. మెరక చేనికి ఎక్కింపవలెనన్న ఏతము త్రొక్కవలెను. ఇది ఉయ్యూరు ప్రాంతపు రైతులెరిగినదే. నాడీకణమును అట్లే సోడియమును వెలికి తోడి, పొటాషియమును లోనికి చేర్చుకొనవలెను. ఆ ఏతమును త్రొక్కు బలము అడినోసిన్ ట్రైఫాస్ఫేటుదే. దాని అణువొకటి వ్యయమైనచో 3 సోడియము కణికలు వెలికి, 2 పొటాషియము కణికలు లోనికి పోవును. శరీరపు బరువులో నూటికి 2 పాళ్లైన మెదడు, విశ్రాంతివేళ శరీరము వెచ్చించు శక్తిలో సుమారు 20 పాళ్లు కోరుటకు ఇదియొక ముఖ్యకారణము.

ఈ ఏతమును డెన్మార్కు శాస్త్రజ్ఞులు యెన్స్ స్కౌగారు 1957లో గుర్తించి, 1997లో నోబెల్ బహుమతి నందిరి. అది వినుటకు సుబ్బారావుగారు లేరైరి. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు పరిశోధనకు నాయకులై, 1948 ఆగస్టున 53 ఏండ్ల వయస్సున, స్వదేశమును మరల చూడకయే అమెరికాలో కన్నుమూసిరి. సోదరులను బలిగొన్న సంగ్రహణికి ఆ ఆమ్లమే ఔషధమయ్యెను. గర్భస్థ శిశువుల మెదడు, వెన్నుపాము సరిగా నేర్పడుటకును అది అవసరమని 1991లో రుజువయ్యెను.