విశ్వదాత నాగేశ్వరరావు పంతులుగారు

మన షోలాపూరు నేతపేటలలో మగ్గముల చప్పుడు నడుమ తెలుగు మాట వినబడును. అంగడి పలకలపై మరాఠీ కనబడును. ఇట్టి మరాఠీ సీమయందే ఒక గొప్ప తెలుగు పత్రిక పుట్టినదని మన బాలబాలికలు ఎరుగవలెను. అందులకే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రను ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

పంతులుగారు 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. మద్రాసులో చదువు ముగించి, వ్యాపారమునం దాసక్తితో బొంబాయి చేరిరి. 1893లో అమృతాంజనమను తలనొప్పి మందును తయారు చేయించి, సంగీత సభలలో ఉచితముగా పంచిపెట్టిరి. క్రమముగా మందు ఇంటింటికి ప్రాకినది, ధనము చేకూరినది.

ఆ ధనమును వారు దాచుకొనలేదు. 1908లో తిలక్ మహాశయునికి బొంబాయిలోనే కారాగారశిక్ష పడెను. దేశమంతయు కలత చెందెను. ఆ యేటనే పంతులుగారు బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. కామాఠిపురా మొదలగు పేటలలో కాయకష్టముతో జీవించు తెలుగువారున్న నగరమది. 1914లో పత్రిక మద్రాసు చేరి దినపత్రిక యయ్యెను. 1924లో భారతి మాసపత్రిక వెలసెను. ఉప్పు సత్యాగ్రహమున పంతులుగారు చెరసాల కేగిరి. ఆంధ్రులు వారిని దేశోద్ధారకుడని కొనియాడిరి.

1938లో వారు దివంగతులైరి. పత్రిక అల్లుడగు శివలెంక శంభుప్రసాదుగారి చేతికి వచ్చెను. 1972లో వారును గతింపగా కుమారుడు రాధాకృష్ణగారు భారము వహించిరి. కాని 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయినది.

ఇచట మనము ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. పత్రికను పోషించిన మందుసీసా నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. పత్రిక మాత్రము లేదు. తలనొప్పి కలవారెల్లరు, ఏ భాషవారైనను, మందు కొందురు. తెలుగు పత్రికను తెలుగు చదువ నేర్చినవారు మాత్రమే కొందురు. యజమానులు మారినను పత్రిక నిలువవచ్చును. చదువరులు కరవైనచో ఏ దాతయు దానిని చిరకాలము నిలుపజాలడు.

తల్లిదండ్రులారా! ఇంట తెలుగు మాటలాడినంత మాత్రమున చాలదు. రాత్రి మగ్గము దిగిన పిమ్మట బిడ్డచేత ఒక్క పుటయైనను చదివించి వినుడు. పంతులుగారికి మన పేటలనుండి చెల్లింపదగిన ఋణమింతియే.