రాజ్యం పోయినా ఆగని రంగస్థలం: గార్డెన్ రీచ్‌లో వాజిద్ అలీ షా

కోల్‌కతాలో హుగ్లీ నదీ తీరాన గార్డెన్ రీచ్‌ను ఆనుకుని మెటియాబ్రుజ్ అనే పేట ఉంది. ఆ పేరుకు మట్టి బురుజు అని అర్థం. నేడు దర్జీల కుట్టుమిషన్ల చప్పుడుతో నిండిన ఈ పేట, ఒకనాడు రాజ్యం కోల్పోయిన ఒక పాలకుడి కళానిలయం. అవధ్ నవాబు వాజిద్ అలీ షా తన చివరి మూడు దశాబ్దాలను ఇక్కడే గడిపారు.

1822లో జన్మించిన ఆయన 'అఖ్తర్' అనే కలం పేరుతో కవిత్వం రాశారు. యువరాజుగా ఉండగానే, 1843లో, 'రాధా కన్హయ్యా కా కిస్సా' అనే నృత్య నాటకాన్ని రచించి ప్రదర్శింపజేశారు. దీనిని తొలి ఉర్దూ నాటకంగా పలువురు పరిశోధకులు భావిస్తారు. వ్రజభూమి రాసలీల నుంచి రూపుదిద్దుకున్న ఈ ప్రక్రియ పేరు 'రహస్'. ఏలిక స్వయంగా నాటకకర్త కావడం తెలుగువారికి కొత్త కాదు. తంజావూరు విజయరాఘవ నాయకుడు యక్షగానాలు రచించి కొలువులో ఆడించినవాడే.

1847లో సింహాసనమెక్కిన వాజిద్ అలీ షా కథక్, ఠుమ్రీలకు పెద్ద పోషకుడయ్యారు. అయితే ఈ కళాసక్తే ఆయన మీద నేరారోపణగా మారింది. రాజు పాలన మాని గాయకులతో, నర్తకులతో కాలం గడుపుతున్నారని బ్రిటిష్ రెసిడెంట్లు నివేదికలు పంపారు. 1856 ఫిబ్రవరిలో కంపెనీ అవధ్‌ను కలిపేసుకుంది. రాజ్యాన్ని అప్పగించే ఒప్పందంపై సంతకానికి నిరాకరించిన ఆయన, తన తలపాగాను తీసి రెసిడెంట్ ఔట్రమ్ చేతిలో ఉంచారు.

న్యాయం కోరుతూ అదే ఏడాది మే నెలలో ఆయన కలకత్తా చేరారు. తల్లి లండన్ వెళ్లి మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. తిరుగు ప్రయాణంలో 1858లో ఆమె పారిస్‌లో మరణించారు. 1857 తిరుగుబాటు వేళ లక్నోలో బేగం హజ్రత్ మహల్ పోరాడుతుండగా, ఆయన ఫోర్ట్ విలియంలో బందీగా ఉన్నారు. రెండేళ్లకు పైగా నిర్బంధంలో ఉన్న తరువాత 1859లో విడుదలయ్యారు.

ఏటా 12 లక్షల రూపాయల భరణంతో ఆయన మెటియాబ్రుజ్‌లో మరో లక్నోను నిర్మించుకున్నారు. భవనాలు, ఇమామ్‌బాడా, జంతుశాల వెలిశాయి. గాయకులు, నర్తకులు తరలివచ్చారు. రహస్ ప్రదర్శనలు మళ్లీ మొదలయ్యాయి. 1877 నాటి 'బనీ' గ్రంథంలో ఆయన రహస్ విధానాలను, సంగీత నృత్యాలను వివరించారు. రాజ్యం లేని రాజు చేసిన ఆ రచన నేటికీ నాటక చరిత్రకారులకు ఆధారం.

1887 సెప్టెంబరు 21న వాజిద్ అలీ షా కన్నుమూశారు. ఆ వెంటనే ప్రభుత్వం ఆయన ఆస్తులను అమ్మివేసింది. భవనాలు చాలావరకు నేలమట్టమయ్యాయి, కళాకారులు చెదిరిపోయారు. కానీ వారు వెంట తెచ్చిన ఠుమ్రీ, కథక్ కలకత్తా సంగీత సభలలో స్థిరపడ్డాయి. అనర్హతగా చూపిన కళ నిలిచింది. ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమామ్‌బాడా ఇప్పటికీ మెటియాబ్రుజ్‌లో సందర్శకులను ఆకర్షిస్తోంది.